‘తిరుగు’ అనే క్రియ ఎక్కడిది? హైదరాబాద్‌లో ‘చక్కర్’ అంటారెందుకు?

‘తిరుగు’ అచ్చ తెలుగు మాట, మూలం ద్రావిడం. కన్నడంలోనూ ‘తిరుగు’ ఉంది, తమిళంలో ‘తిరి’, ‘తిరుంబు’ ఉన్నాయి.

అసలు అర్థం ఉన్నచోటే చుట్టూ కదలడం: ఫ్యాను తిరుగుతోంది, బొంగరం తిరుగుతోంది. పిండి విసిరే తిరగలికి ఆ పేరు ఇందుకే (తెలంగాణలో ఇసుర్రాయి అంటాం). అక్కడి నుంచి అర్థం చాలా దూరం పోయింది. సంతకం కోసం ఆఫీసు చుట్టూ తిరిగితే అలసట, తలతిరిగితే నీరసం, ప్రభుత్వంపై తిరగబడితే తిరుగుబాటు. ‘తిరిగి వచ్చాడు’లో అది వెనక్కి రావడం, ‘తిరిగి చెప్పు’లో మళ్ళీ అని. ఒక్క క్రియ ఇంత మోయడం నాకు భలే ఇష్టం.

మనం వేరేదాన్ని తిప్పితే ‘తిప్పు’. పాత కావ్యాల్లో ఇది ‘త్రిప్పు’గా కనిపిస్తుంది. తాళంచెవి దానంతటదే తిరగదు, మనమే తిప్పాలి.

ఇక ‘చక్కర్’ ఉర్దూ, హిందీల మీదుగా వచ్చింది, దాని మూలం సంస్కృత ‘చక్రం’. చార్మినార్ దగ్గర ‘ఒక చక్కర్ కొట్టొద్దాం’ అంటే ఓసారి తిరిగొద్దామని. ఎండలో నిలబడి ‘చక్కరొస్తుంది’ అంటే మాత్రం కళ్ళు తిరుగుతున్నాయని, వెంటనే నీళ్ళివ్వండి.