కొండ ప్రాంతంలో ఇంటి చెట్లు చలికాలం తర్వాత ఎందుకు ఎండుతున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఎత్తైన, చలి ఎక్కువ, తేమ తక్కువ ఉన్న చోట ఇల్లు కట్టుకున్నారు. చలిని తట్టుకునే రకాలే చూసి నాటారు. అయినా ఏటా చలికాలం దాటేసరికి కొమ్మల చివర్లు ఎండుతున్నాయి, పైన్, స్ప్రూస్ వంటి చెట్ల సూదిఆకులు ఒక పక్క మాత్రమే గోధుమరంగుకు తిరుగుతున్నాయి. వచ్చే చలికాలానికి చెట్లకు గోనెపట్టాలు చుట్టాలా అని అడిగారు.

అచ్చం ఇలాంటి వాతావరణంలోనే నేను చాలా ఏళ్లుగా చెట్లు పెంచుతున్నాను. గోనెపట్టాల సంగతి తర్వాత చూద్దాం. చలికాలంలో మీరు చెట్లకు నీళ్లు పెడుతున్నారా? పెట్టడం లేదంటే మీ చెట్ల జబ్బు చాలావరకు అక్కడే ఉంది. అంత చలిలో నీళ్లేమిటి అని చాలామంది నవ్వుతారు. ఉతికిన బట్టలు గడ్డకట్టే చలిలో ఆరేసినా సాయంత్రానికి ఆరిపోవడం వాళ్లూ చూసే ఉంటారు. గాలి పొడిగా ఉంటే చాలు, తేమను లాగేస్తుంది. సూదిఆకులు చలికాలమంతా చెట్టునే ఉంటాయి కాబట్టి ఎండకాసి గాలి వీచిన ప్రతి రోజూ వాటిలోంచి నీరు పోతూనే ఉంటుంది. కింద నేల గడ్డకట్టి ఉంటే వేళ్లు ఆ లోటు తీర్చలేవు. గాలి, ఎండ తగిలే పక్కే ముందుగా మాడడానికి కారణం ఇదే. ఆకు రాల్చే చెట్లకూ ఈ బాధ తప్పదు. మొగ్గల నుంచి, లేత రెమ్మల నుంచి కొంత తేమ పోతుంది. అంతకంటే పెద్ద నష్టం నేలలో జరుగుతుంది. పొడి నేలలోకి చలి తేలిగ్గా దిగి, పీచువేళ్లను చంపేస్తుంది.

ఇందులో మోసం ఏమిటంటే, దెబ్బ తగిలిన సంగతి వెంటనే తెలియదు. వసంతంలో చెట్టు తాను దాచుకున్న ఆహారంతో మామూలుగానే చిగురిస్తుంది. ఎండలు ముదిరాక, ఆకులకు నీరందించే వేళ్లు లేక ఒక్కసారిగా వాడిపోతుంది. అప్పుడు జనం పురుగు పట్టిందనుకుని మందు కొడతారు.

నేల తడి చూడడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. కొమ్మల అంచు కింద నేలలో గుచ్చండి. తడి ఉన్న చోట మెత్తగా దిగిపోతుంది. పొడిగా ఉంటే వేలెడు దిగి ఆగిపోతుంది, బయటికి తీస్తే ఇనుపకడ్డీకి మట్టి అంటుకోదు. నేల గడ్డకట్టి ఉన్నా దిగదు కాబట్టి, మంచు లేని రోజున, మధ్యాహ్నం పూట చూడాలి. మూడు నాలుగు వారాలుగా చెప్పుకోదగ్గ మంచు గానీ వాన గానీ పడకపోతే, ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజు చూసి నీళ్లు పెట్టండి. పగటి నడుమే పెట్టేస్తే రాత్రి గడ్డకట్టేలోపు లోపలికి ఇంకుతుంది. నెలకు ఒకటి రెండుసార్లు సరిపోతుంది. కాండం అడ్డుకొలత ప్రతి 2.5 సెంటీమీటర్లకు దాదాపు 40 లీటర్లు అని లెక్క. అంటే 5 సెంటీమీటర్ల కాండం ఉన్న మొక్కకు 80 లీటర్లు. పైపును సన్నటి ధారగా వదిలి, చోటు మారుస్తూ పెట్టాలి. పని అయ్యాక కుళాయి నుంచి పైపు తీసి, నీళ్లన్నీ ఒంపేయండి. లేకపోతే రాత్రికి అది పగులుతుంది.

నీళ్లన్నీ కాండం మొదట్లోనే కుమ్మరించకండి. కొత్తగా నాటిన మొక్కకైతే వేళ్ల ముద్ద మొదట్లోనే ఉంటుంది కాబట్టి అక్కడే పెట్టాలి. ఎదిగిన చెట్టుకు నీరు పీల్చే వేళ్లలో ఎక్కువ భాగం పై 30 సెంటీమీటర్ల మట్టిలోనే, కొమ్మల అంచును దాటి చాలా దూరం పరుచుకుని ఉంటాయి.

మంచు బాగానే పడిందిగా, ఆ నీరు చాలదా అంటారేమో. కొండల మీద పడే మంచు తేలికైన పొడి మంచు. 25 నుంచి 40 సెంటీమీటర్లు పేరుకుంటే గానీ 2.5 సెంటీమీటర్ల నీరు రాదు. అందులో కొంత కరగకుండానే నేరుగా ఆవిరైపోతుంది.

ఉన్న తడి నిలవాలంటే చెట్టు చుట్టూ చెక్కముక్కలు 7 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరచండి. బెరడుకు మాత్రం తగలనివ్వకండి. తగిలితే మొదలు కుళ్లుతుంది, ఎలుకలు ఆ చాటున చేరి చలికాలమంతా బెరడు కొరుక్కుతింటాయి. అందం కోసం తెల్ల గులకరాళ్లు పోసేవాళ్లున్నారు. నాకది ససేమిరా నచ్చదు. ఆ రాళ్లు ఎండకు కాగి, మొక్క మీదికే వేడి కొడతాయి.

ఇక చుట్టడం గురించి. చుట్టవలసింది అన్నిటికంటే ముందు లేత చెట్ల కాండానికి. మేపుల్, యాపిల్ వంటి పలుచని బెరడు చెట్లను నైరుతి వైపు నుంచి చూడండి. బెరడు నిలువునా చీలి, అంచులు లేచి, లోపలి చెక్క కనిపిస్తోందా? అది ఎండదెబ్బే. ఎత్తు ప్రతి 1000 మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుందని అంటారు గానీ, ఇక్కడ అసలు చేటు చేసేది వేడి. చలికాలపు మధ్యాహ్నం ఎండకు ఆ పక్క బెరడు వెచ్చబడి, అక్కడి కణాలు చలిని ఓర్చే గుణం పోగొట్టుకుంటాయి. పొద్దు వాలగానే ఉష్ణోగ్రత అమాంతం పడిపోయి అవి చచ్చిపోతాయి. ఆకు రాలాక తెల్లటి కాగితపు పట్టీని కింది నుంచి పైకి, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా మొదటి కొమ్మల దాకా చుట్టండి. వసంతంలో తప్పకుండా విప్పేయండి. వదిలేస్తే లోపల తేమ చేరి పురుగులు కాపురం పెడతాయి.

గోనెపట్టా చిన్న సూదిఆకు చెట్లకు పనికొస్తుంది. గాలి వచ్చే వైపు కర్రలు పాతి తెరలా కట్టండి, ఆకుకు తగలకూడదు, పైభాగం తెరిచి ఉండాలి. ప్లాస్టిక్ పట్టా మాత్రం వద్దు, ఎండపొడకే లోపల ఉడికిపోతుంది.

వేసవి నడిమి దాటాక నత్రజని ఎరువు వేయకండి. ఆ ఊపులో వచ్చే లేత చిగురు ముదరకముందే తొలి చలి దానిని కాల్చేస్తుంది. శరదృతువు మొదట్లో నీళ్లు కొంచెం తగ్గిస్తే కొమ్మ ముదురుతుంది. ఆకు రాలాక, నేల గడ్డకట్టేలోపు ఒకసారి నిండుగా పెట్టాలి. చలికాలపు నీళ్లలో నేను ఎట్టి పరిస్థితిలోనూ వదలనిది ఈ తడి.

ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది వేరే సంగతి. పొడి ప్రాంతాల నేలలు తరచుగా క్షార గుణంతో ఉంటాయి, అందులో ఇనుము ఉన్నా చెట్టుకు అందదు. దాహమనుకుని నీళ్లు ఎక్కువ పోస్తే వేళ్లకు గాలి ఆడక ఇంకా పసుపెక్కుతుంది. సిల్వర్ మేపుల్, పిన్ ఓక్ ఈ నేలలో ఎప్పుడూ సతాయిస్తూనే ఉంటాయి. కొత్తగా నాటేటట్టయితే బర్ ఓక్, జునిపర్, పొండెరోసా పైన్ వైపు చూడండి. ఏటి ఒడ్డున పెరిగే బిర్చ్‌ను ఎండిన పెరట్లో పెట్టి బతికించాలనుకోవడం వృథా శ్రమ.

ఇప్పుడు ఎండినట్టున్న కొమ్మలను వెంటనే నరకకండి. గోటితో బెరడును చిన్నగా గీరండి. కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది. గోధుమరంగులో పెళుసుగా ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి మళ్లీ గీరండి. సూదిఆకులు మాడినా మొగ్గలు బొద్దుగా ఉంటే ఆ కొమ్మ తిరిగి చిగురిస్తుంది. వేసవి మొదలయ్యేదాకా ఆగి, అప్పటికీ కదలిక లేని చోట, బతికున్న పక్కకొమ్మ దాకా కోయండి.

అన్నట్టు, కాండం నేలలో దిగే చోట వెడల్పుగా విచ్చుకుని వేళ్ల మొదళ్లు కనిపిస్తున్నాయా? స్తంభం పాతినట్టు నిటారుగా దిగిపోయి ఉంటే మొక్కను మరీ లోతుగా నాటారన్నమాట. నీళ్లు ఎంత సరిగ్గా పెట్టినా అలాంటి చెట్టు కోలుకోదు. ముందు చేత్తో ఆ పైమట్టిని తోడి, వేళ్ల మొదళ్లు బయటపడేదాకా తీసేయండి.