లేబర్ రూమ్‌లో ఉత్తుత్తి అత్యవసరం దేనికి?

ప్రశ్న: నేను ఒక ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సును. కాన్పు ఆపదలపై బొమ్మలతో ఒక రోజు శిక్షణ పొంది వచ్చాను. దీనివల్ల తల్లీబిడ్డలకు నిజంగా మేలు జరుగుతుందా? ఖరీదైన బొమ్మలు లేని మా ఆసుపత్రిలో దీనిని కొనసాగించడం ఎలా?

జవాబు: మేలు జరుగుతుంది, అయితే సాధన ఎక్కడ, ఎవరితో, ఎంత తరచుగా చేస్తున్నారన్న దానిని బట్టి ఉంటుంది. ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్ నగరంలో సౌత్‌మీడ్ ఆసుపత్రి 2000 సంవత్సరం నుంచి ప్రసూతి వైద్యులను, మిడ్‌వైఫ్‌లను, మత్తు డాక్టర్లను కలిపి తమ ఆవరణలోనే ఏటా ఇటువంటి సాధన చేయించింది. పుట్టిన ఐదు నిమిషాలకు అప్గార్ స్కోరు (ఊపిరి, గుండె, రంగు వంటివి చూసి బిడ్డ స్థితికి పదికి వేసే మార్కు) ఆరు లేదా అంతకన్నా తక్కువ ఉన్న శిశువులు ఆ తరువాత 10,000 జననాలకు 86.6 నుంచి 44.6కు తగ్గారు, భుజం ఇరుక్కున్న కాన్పుల్లో బిడ్డకు గాయం కావడం 9.3 శాతం నుంచి 2.3 శాతానికి దిగింది. ఇవి శిక్షణకు ముందు, తరువాతి కాలాలను పోల్చిన లెక్కలు కనుక ఘనతంతా శిక్షణకే కట్టబెట్టలేము గానీ, కొట్టిపారేయదగినవి మాత్రం కావు.

మీ పరిస్థితికి మరింత దగ్గరగా ఉన్నది టాంజానియాలోని హైడమ్ ఆసుపత్రి అనుభవం. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకు శ్వాస అందించడంపై అక్కడ 2010లో ఒక రోజు శిక్షణ ఇచ్చారు. బొమ్మ మీద పరీక్షిస్తే సిబ్బంది చక్కగా చేశారు, కానీ లేబర్ రూమ్‌లో వారి పద్ధతి మారలేదు. అప్పుడు పనిచేసే చోటనే, కొద్ది నిమిషాల చొప్పున, తరచుగా సాధన చేయించగా మొదటి 24 గంటల్లో శిశు మరణాలు 1,000 జననాలకు 11.1 నుంచి 7.2కు తగ్గాయి. కనుక మీరు తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను ఆరంభంగానే భావించండి.

బొమ్మ లేదన్న బెంగ అక్కరలేదు. బీహార్‌లో నర్సుల శిక్షణలో ప్రత్యేకంగా కుట్టిన ప్యాంటు తొడిగి ఒక మనిషి చేతనే గర్భిణి పాత్ర వేయించారు. బొమ్మ "కళ్లు తిరుగుతున్నాయమ్మా" అనదు. మనిషి అంటుంది, అప్పుడామెతో ఎవరు మాట్లాడాలన్నది కూడా సాధనలో భాగమవుతుంది. కాన్పు తరువాతి రక్తస్రావంతోనే మొదలుపెట్టండి. కొలిచిన ఎర్రరంగు నీళ్లను దుప్పటి మీద పోసి, ఎంత ఉందో ఒక్కొక్కరినీ అంచనా వేయమనండి. పోయిన రక్తం ఎక్కువయ్యేకొద్దీ కంటి అంచనా అసలు కన్నా తక్కువకే వస్తుంది. తరువాత డ్యూటీ డాక్టరు, ఆయా సహా ఆ షిఫ్టులోని వారందరితో పావుగంట డ్రిల్ చేయండి. ఎవరు కేక వేశారు, గర్భసంచి మర్దన ఎప్పుడు మొదలైంది, గర్భసంచిని బిగించి రక్తాన్ని ఆపే మందు ఆక్సిటోసిన్ ఎన్ని నిమిషాలకు చేతికొచ్చింది అన్నది ఒకరు గడియారం చూసి రాయాలి. మందుల ఫ్రిజ్ తాళం ఎక్కడుందో రాత్రి డ్యూటీ వారికి తెలియదన్న సంగతి ఇలాగే బయటపడుతుంది, నా దృష్టిలో డ్రిల్ అసలు ప్రయోజనం అదే. ముగిశాక తప్పెవరిదని కాక, ఆలస్యం ఎక్కడ జరిగిందని అడగండి. పై అధికారి అందరి ముందు మందలించే చోట రెండోసారి ఎవరూ మనసు పెట్టి పాల్గొనరు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. డ్రిల్‌లో మందుకు బదులు నీళ్లు నింపి వాడే సీసాల మీద "సాధనకు మాత్రమే" అని రాసి, డ్రిల్ కాగానే లెక్క చూసి లేబర్ రూమ్ నుంచి బయటికి చేర్చండి. అసలు కాన్పు వస్తే డ్రిల్ మధ్యలోనే ఆపేయాలని ముందే అందరికీ చెప్పి ఉంచండి.