నోకియా దగ్గర అన్నీ ఉన్నాయి కదా, మరెందుకు ఓడింది?

ప్రశ్న: ఫోన్ల కంపెనీలు ఇప్పుడు కెమెరా, బ్యాటరీల కంటే సాఫ్ట్‌వేర్, క్లౌడ్, మ్యూజిక్ సేవల గురించే ఎక్కువ చెబుతున్నాయి. సేవలతోనే నెగ్గుకురావచ్చంటే పాటలు, మ్యాపులు, యాప్ స్టోర్ అన్నీ ఉన్న నోకియా ఎందుకు దెబ్బతింది? ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను.
– ఒక ఎంబీఏ విద్యార్థిని

జవాబు: నోకియా ఆలస్యంగా మేలుకుందని అందరూ అంటారు. సేవల విషయంలో ఆ మాట నేను ఒప్పుకోను. ఆపిల్ యాప్ స్టోర్ తెరిచింది 2008 జులైలో. నోకియా ‘ఓవీ’ని ప్రకటించింది 2007 ఆగస్టులోనే. ఫిన్నిష్ భాషలో ఓవీ అంటే తలుపు. పాటలు, ఆటలు, మ్యాపులు అన్నీ ఆ ఒక్క తలుపులోంచే అందాలన్నది వాళ్ల ఆలోచన. మ్యాపుల కోసమైతే నావ్‌టెక్ అనే కంపెనీనే 810 కోట్ల డాలర్లు పెట్టి కొనేశారు.

ఆ డబ్బు వృథా పోలేదని నా కళ్లతో చూశాను. 2010 జనవరిలో నోకియా దారి చూపే సేవను ఉచితం చేసింది. నేను మ్యాపులు మెమరీ కార్డులోకి ఎక్కించుకుని, పరీక్షిద్దామని సిమ్ తీసేసి బయల్దేరాను. ఆరుబయట కాసేపు నిలబడ్డాక ఉపగ్రహాలు దొరికాయి. తెర మీద సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. అయినా బాణం గుర్తు నాతోపాటే కదిలింది, మలుపుకు ముందే గొంతు వినిపించింది. నెట్ అక్కర్లేకుండా అంత పని చేసిన ఫోన్ మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

మరి దెబ్బ ఎక్కడ తగిలింది? సేవలు బాగున్నాయి, వాటి కింద నేల కదిలిపోయింది. నోకియా స్మార్ట్‌ఫోన్లు సింబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవి. అది వేలితో తాకితే నడిచే తెరల కోసం పుట్టింది కాదు. అందుకని మీగో అనే కొత్త వ్యవస్థ మొదలుపెట్టారు. ‘క్యూటీలో (యాప్‌లు రాసే సాధనం) రాయండి, సింబియన్ మీదా మీగో మీదా నడుస్తుంది’ అని డెవలపర్లకు చెప్పారు. తీరా 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపి వాళ్ల విండోస్ ఫోన్ అనే వ్యవస్థకు మారిపోయారు. అందులో క్యూటీ లేదు. రాసింది పక్కన పడేసి మళ్లీ మొదటినుంచి రాయాలి.

కథ అక్కడితోనూ ఆగలేదు. 2012 ఏప్రిల్‌లో విండోస్ ఫోన్‌తో నడిచే నోకియా లూమియా 900 మార్కెట్లోకి వచ్చింది. జూన్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 8ను ప్రకటిస్తూ, పాత ఫోన్లకు అది రాదని చెప్పేసింది. రెండు నెలల కిందట ఫోన్ కొన్న మనిషి సంగతి ఆలోచించండి. మీ ప్రాజెక్టులో ఈ తేదీలు తప్పకుండా పెట్టండి. కొన్నవాళ్లు, యాప్ రాసేవాళ్లు ఇద్దరూ నమ్మకం పోగొట్టుకుంటే పాటల స్టోరు ఎంత పెద్దదైనా కంపెనీని నిలబెట్టలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ షావోమీ. 2010 ఆగస్టులో ముందు ఎంఐయూఐ సాఫ్ట్‌వేర్ ఇచ్చారు, అదీ వేరే కంపెనీల ఫోన్లలో వేసుకోవడానికి. వాడేవాళ్లు చెప్పిన లోపాలు దిద్దుతూ వారం వారం కొత్త వెర్షన్ వదిలారు. సొంత ఫోన్ ఏడాది తర్వాత వచ్చింది. అప్పటికే ఆ సాఫ్ట్‌వేర్‌కు అలవాటుపడ్డ జనం ఉన్నారు. హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వమని 2018లో షావోమీ వ్యవస్థాపకుడు లీ జున్ మాటిచ్చారు. అంత తక్కువ లాభంతో సరిపెట్టుకోవాలంటే మిగతాది యాప్ స్టోర్, ప్రకటనలు, ఆటల నుంచి రావాలి. కంపెనీలు సేవల జపం చేయడానికి అసలు కారణం ఈ లెక్కే. ఫోన్ ఒక్కసారే అమ్ముడవుతుంది, సేవల మీద ఏళ్ల తరబడి డబ్బు వస్తుంది.

ఇక నోకియా సంగతికొస్తే, దాని మ్యాపుల వ్యాపారాన్ని 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కలిసి 280 కోట్ల యూరోలకు కొనుక్కున్నాయి. ఫోన్ల విభాగం అంతకు ముందే, 2014లోనే మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిపోయింది.

ఇప్పటి కంపెనీలను పోల్చాలంటే సేవల జాబితా చూడకండి, ఒక ఫోన్‌కు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామంటున్నారో చూడండి. గూగుల్ పిక్సెల్ 8తో, శాంసంగ్ గెలాక్సీ ఎస్24తో ఏడేళ్ల మాట ఇచ్చాయి. ముందు మీ ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూసుకోండి. మీ తరగతిలో అందరి ఫోన్లలోనూ ఆ తేదీలు రాసుకుంటే ప్రాజెక్టుకు మొదటి పట్టిక తయారైనట్లే.