సీక్వెల్ హక్కు ఎవరిదో తేల్చేది మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితమే

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తూ కథలు రాసుకుంటాను. 2021లో ఒక సూపర్ హీరో కామెడీ రాశాను. చెరువులో ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) బాగుచేస్తుంటే షాక్ కొట్టి మా హీరోకు శక్తులు వస్తాయి. వాడికి పెద్దా చిన్నా లేదు, నోటికి అడ్డూ లేదు. కొట్లాట మధ్యలో ఆగి ప్రేక్షకుల వైపు తిరిగి, ‘అబ్బయా, వీడు లేచేలోపు టీ తాగొస్తా’ అంటాడు. నా చిన్ననాటి స్నేహితుడు దాన్ని 40 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌గా తీసి 2022 ఏప్రిల్‌లో తన యూట్యూబ్ ఛానల్లో పెట్టాడు. చివర్లో ‘కథ, మాటలు’ అని నా పేరు వేశాడు. ఫోన్‌పేలో రూ.15 వేలు పంపాడు. యాడ్స్ డబ్బులో సగం ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. 2023లో ఫెస్టివల్‌కు పంపాలి, సంతకం కావాలంటే పెట్టాను. ఇప్పుడు వేరే నిర్మాతతో కలిసి రెండో భాగాన్ని పెద్ద సినిమాగా తీశాడు. టీజర్ వచ్చింది, సంక్రాంతికి విడుదలట. అదే హీరో, అవే మాటలు, నా పేరు మాత్రం లేదు. అడిగితే ‘అది డెడ్‌పూల్ అనే ఇంగ్లిష్ సినిమా కాపీ, నీదేముంది?’ అంటున్నాడు. పాత వీడియో తీసేసి, చివరి టైటిల్స్ కత్తిరించి మళ్లీ పెట్టాడు. ఒకే కంచంలో తిన్నవాళ్లం, నిద్ర పట్టడం లేదు. మా మేనమామ పాత తేదీ స్టాంపు పేపరు సంపాదిస్తానంటున్నాడు. సీక్వెల్లో సగం వాటా ఇస్తానని వాడు రాసిచ్చినట్టు దాని మీద రాసుకోవచ్చా? నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీరు ఆరు పేజీలు రాశారు, పైన వేసింది దాని సారాంశమే. అందులో ఐదు పేజీలు మీ స్నేహం గురించే. ఐదో పేజీ చివర ఒక్క వాక్యంలో దాటేసిన విషయం మీద మీ కేసు మొత్తం నిలబడి ఉంది. 2023లో మీరు సంతకం పెట్టిన ఆ కాగితంలో ఏం రాసి ఉంది? దాని కాపీ మీ దగ్గర ఎందుకు లేదు?

మీకు కోపం వచ్చినా ఈ మాట చెప్పాలి. కథ రాయడానికి ఎనిమిది నెలలు పట్టిందన్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఎనిమిది నిమిషాలు చదవలేకపోయారా? కనీసం ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోవాల్సింది. బ్యాంకు లోను కాగితాలైతే ఇంట్లో నలుగురికి చూపించి సంతకం పెడతాం. మీ కథ అంతకంటే తక్కువ ఆస్తి కాదు.

ఆ కాగితానికి ఎందుకింత ప్రాధాన్యం అంటే, కథ రాసినవాడే దాని మొదటి యజమాని. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 చెప్పేది ఇదే. మీరు మీ స్నేహితుడి దగ్గర జీతానికి పనిచేయలేదు కాబట్టి ఉద్యోగి రాసింది యజమానిదవుతుందన్న మినహాయింపు మీకు వర్తించదు. ఆ హక్కు మీ చేతి నుంచి వేరొకరికి పోవాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా, మీ సంతకంతో పోవాలి. నోటిమాటతో పోదు. ఫోన్‌పేలో రూ.15 వేలు వేసి ‘స్క్రిప్ట్’ అని రాసినంత మాత్రాన పోదు. ‘కొనేశాను’ అని వాడు ఎంత గట్టిగా అన్నా కాగితం చూపించాల్సిందే. మొదటి షార్ట్ ఫిల్మ్ వరకు దాన్ని తీసిన నిర్మాతగా వాడికి హక్కు ఉంది, మీ అనుమతితోనే తీశాడు కాబట్టి దాని మీద పేచీ పెట్టకండి. అదే కథలోంచి, అదే పాత్రతో ఇంకో సినిమా తీయడానికి మాత్రం మీ అనుమతి మళ్లీ కావాలి.

ఇక 2023 కాగితంలో ఏముందో బట్టి మూడు దారులున్నాయి. అది నిజంగా ఫెస్టివల్ ఎంట్రీ ఫారమే అయితే మీ హక్కు చెక్కుచెదరలేదు. షార్ట్ ఫిల్మ్ వరకే హక్కులిచ్చినట్టు ఉంటే సీక్వెల్ అందులోకి రాదు. ఏ హక్కు, ఎంతకాలానికి, ఏ ప్రాంతానికి ఇచ్చారో రాతలో ఉండాలని సెక్షన్ 19 అంటుంది. కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేనని లెక్క. మూడోది మీకు కష్టమైనది. ‘ఈ కథ, పాత్రలు, వాటి సీక్వెల్ హక్కులు సహా ఇచ్చేశాను’ అని ఉంటే సినిమాను ఆపడం చాలా కష్టం. అప్పుడు కూడా రెండు మిగులుతాయి. రచయితగా మీ పేరు కోరే హక్కు సెక్షన్ 57 కింద హక్కులు అమ్మేసిన తర్వాత కూడా ఉంటుంది. థియేటర్ ప్రదర్శన కాకుండా మరో రూపంలో మీ రచనను వాడుకుంటే వచ్చే రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు 2012 సవరణతో వచ్చింది. దాన్ని కాగితం మీద రాయించుకుని తీసేయడం కుదరదు.

డెడ్‌పూల్ మాటకు వద్దాం. ఈ వాదనను తేలిగ్గా తీసుకోవద్దు. సగం నిజం అందులో ఉంది. కెమెరా వైపు తిరిగి ప్రేక్షకులతో మాట్లాడటం, సూపర్ హీరోను నోటిదురుసు మనిషిగా చూపించడం ఎవరి సొంత ఆస్తీ కాదు. 1991లో కామిక్స్‌లో పుట్టిన ఆ పాత్రను పెట్టుకుని 2016లో ఒక సినిమా, 2018లో దాని సీక్వెల్, 2024లో మూడోది వచ్చాయి. వాటిని చూసి ప్రపంచంలో ఎవరైనా అలాంటి హీరోను రాసుకోవచ్చు. ఆలోచనకు కాపీరైట్ లేదని, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులోనే తేల్చింది. అంటే ‘వెక్కిరించే సూపర్ హీరో’ మీది కాదు. ఏరేటర్ షాక్, చెరువు గట్టు మీద కొట్లాట, టీ తాగొస్తానని చెప్పి నిజంగానే వెళ్లి గ్లాసుతో తిరిగొచ్చే సీను, వాడి నెల్లూరు యాస, మేతబస్తా చించి కట్టుకున్న ముసుగు మీవి. టీజర్లో వీటిలో ఏవి ఉన్నాయో నిమిషం, సెకను సహా రాసి పెట్టండి. ఆ ఇంగ్లిష్ సినిమాల నుంచి మీరే ఏ జోకైనా ఎత్తి రాసి ఉంటే దాన్ని ఆ పట్టికలో చేర్చకండి. మీ లాయరుకు ముందే చెప్పండి. అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

ఆ డెడ్‌పూల్ చరిత్రే మీ స్నేహితుడికి జవాబు కూడా. పాత్ర మార్వెల్ కామిక్స్‌ది. మొదటి రెండు సినిమాలు తీసింది మాత్రం సినిమా హక్కులు చేతిలో ఉన్న ఫాక్స్ స్టూడియో. 2019లో ఆ స్టూడియోను డిస్నీ కొన్నాకే మూడో భాగం మార్వెల్ స్టూడియోస్ చేతికి వచ్చింది. హక్కుల కాగితం ఎటు వెళ్తే సీక్వెల్ అటు వెళ్లింది.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా దగ్గరగా ఉంది. 2016లో ‘సర్దార్ గబ్బర్ సింగ్’ విడుదలకు ముందు, తమ పాత్రను వాడుకున్నారంటూ ‘దబంగ్’ నిర్మాతలు బాంబే హైకోర్టుకు వెళ్లారు. ప్రత్యేకంగా మలచిన పాత్రకు రక్షణ ఉంటుందన్న సూత్రాన్ని ఆ కోర్టు ఒప్పుకుంది. కానీ విడుదల నెత్తి మీదికి వచ్చాక వచ్చారని సినిమాను ఆపలేదు. సూత్రం గెలిచినా ఆలస్యం వల్ల ఆర్డరు రాలేదు. మీకు సంక్రాంతి వరకే సమయం ఉంది, అందులో టీజర్ చూశాక బాధపడుతూ కూర్చున్న మూడు వారాలు ఇప్పటికే పోయాయి.

గడువు లెక్క కూడా చెబుతాను. కాపీరైట్ ఉల్లంఘనకు నష్టపరిహారం అడగడానికి లిమిటేషన్ చట్టం ప్రకారం ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. సీక్వెల్ ఇప్పుడే వస్తోంది కాబట్టి ఆ గడువుకు భయం లేదు. భయం ఉన్నది ఇంజంక్షన్‌కు, అంటే సినిమాను ఆపమని కోర్టు ఇచ్చే ఉత్తర్వుకు. సినిమా బయటికి వచ్చాక ‘డబ్బుతో సరిచేయొచ్చు కదా, ఆపడం ఎందుకు’ అని కోర్టు అడుగుతుంది. యాడ్స్ వాటా వేరే లెక్క. నెలనెలా సగం ఇస్తానన్న మాటకు మూడేళ్లు దాటిన నెలల డబ్బు చాలావరకు పోయినట్టే. గడువు లోపల ‘ఇస్తాలే, కొంచెం ఆగు’ అని వాడు రాతలో ఒప్పుకున్నది ఏదైనా ఉంటే లాయరుకు చూపండి. వాట్సాప్ మెసేజ్‌ను అలాంటి ఒప్పుకోలుగా నిలబెట్టొచ్చా అన్నది వాదించాల్సిన విషయం. మొహమాటపడి మూడేళ్లు అడగకుండా ఊరుకున్నారు, దాని ఖరీదు ఇది.

సాక్ష్యంలో మీకున్న బలం మొదటి వీడియో చివర పడిన మీ పేరు. ప్రచురించిన రచన మీద రచయితగా ఎవరి పేరు ఉందో, కాదని రుజువయ్యేవరకు వాళ్లే రచయితని కోర్టు అనుకోవాలి. కాపీరైట్ చట్టం సెక్షన్ 55లో ఆ మాట ఉంది. వాడు టైటిల్స్ కత్తిరించింది అందుకే కావచ్చు. మీరు డౌన్‌లోడ్ చేసుకోలేదన్నారు. ఈ వారంలోనే ఎడిటర్ హార్డ్ డిస్కు, డబ్బింగ్ చెప్పినవాళ్ల ఫోన్లు, 2022లో వీడియోను గ్రూపుల్లో పంచినవాళ్లు, ఎవరి దగ్గర పాత ఫైలు ఉందో వెతకండి. దొరికితే దాన్ని మీ ఫోన్‌లోకి పంపించుకుని అదే సాక్ష్యం అనుకోవద్దు. ఆ అసలు పరికరం కదలకుండా అలాగే ఉండాలి. కాపీ దాఖలు చేస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) కూడా రాయాలి. అసలు పరికరాన్నే కోర్టులో పెట్టి దాని యజమాని సాక్ష్యం చెబితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

మీరు పంపిన ఫొటో నా ముందుంది. రొయ్యల మేత బిల్లు వెనక నీలం ఇంకుతో రాసిన టీ కొట్టు సీను. ఒక మూల తడిసి అక్షరాలు పాకాయి. ముందువైపు షాపు వాళ్లు వేసిన తేదీ 2021 ఆగస్టుది. మీరు దాన్నే పెద్ద రుజువు అనుకుంటున్నారు. ఆ తేదీ కాగితం వయసు చెబుతుంది, దాని మీది రాత వయసు చెప్పదు. నిన్న రాశారని అవతలివాళ్లు అంటే ఏం చెబుతారు? ఇదే పేజీని ఫొటో తీసి 2021లో షూటింగ్ గ్రూపులో వాడికి వాట్సాప్ చేశానన్నారు. అసలైన రుజువు అదే. కానీ ఆ ఫోన్‌ను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశారు! మీ గూగుల్ ఖాతాలో ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ మిగిలాయేమో ఈ రోజే చూడండి. షూటింగ్ గ్రూపులో ఉన్న మిగతా ఆరుగురిలో ఎవరో ఒకరి ఫోన్‌లో ఆ ఫొటో ఉండే అవకాశం ఎక్కువ. బిల్లులను ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. చెదిరిన అక్షరాల మీద మళ్లీ పెన్ను పెట్టి దిద్దకండి.

ఇప్పుడు మీ మేనమామగారి సలహా. వద్దు. ఆ మాట ఇంట్లో ఇంకెవరి ముందూ ఎత్తవద్దు. స్టాంపు పేపరుకు నంబరు ఉంటుంది, అమ్మిన వెండర్ రిజిస్టర్లో తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి. కోర్టు ఆ రిజిస్టర్‌ను తెప్పిస్తుంది. వాడి సంతకం మీరు పెట్టడం ఫోర్జరీ. దాన్ని నిజమైనదని కోర్టులో వాడటం మరో నేరం. కోర్టు విచారణ కోసం అబద్ధపు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు ఉంది. అన్నిటికంటే ముందు, ఆ ఒక్క కాగితం అబద్ధమని తేలిన రోజున మీ మేత బిల్లులు, మీ పేరున్న టైటిల్స్, మీరు నిజంగా పడిన కష్టం ఏదీ ఎవరూ నమ్మరు. నిజం మీ వైపు ఉన్న కేసులో అబద్ధాన్ని ఎందుకు తెచ్చి పెడతారు?

పోలీసు కేసు గురించి కూడా అడిగారు. కాపీరైట్ ఉల్లంఘన నేరమే, అరెస్టు చేయదగిన నేరమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయినా స్టేషన్లో మొదట అడిగేది ఆ 2023 కాగితం గురించే. దాని సంగతి తేలకుండా అటు వెళ్లకండి. సినిమా పేరు మీద పోరాటం కూడా వదిలేయండి, ఒట్టి టైటిల్‌కు కాపీరైట్ లేదు.

చేయాల్సింది ఇది. ఈ వారంలో లాయరు ద్వారా నోటీసు పంపండి, మీ స్నేహితుడికి ఒక్కడికే కాదు, కొత్త నిర్మాతకు కూడా. ‘కథ నాదే’ అని మీ స్నేహితుడు ఆయనకు రాసిచ్చి ఉంటాడు. హక్కుల గొలుసు తెగి ఉంటే ఓటీటీ వాళ్లు కొనడానికి వెనకాడతారని ఆయనకు బాగా తెలుసు. మీతో మాట్లాడటానికి తొందరపడే మనిషి ఆయనే. నోటీసులో తిట్లు, శాపనార్థాలు వద్దు. ఆధారం లేని బెదిరింపులు రాస్తే కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద వాళ్లే మీ మీద దావా వేయొచ్చు. 2023 కాగితం కాపీ ఇవ్వమని అడగండి, ఏడు రోజులు గడువు పెట్టండి. ఇవ్వకపోతే ఇవ్వలేదన్నదీ రికార్డులో ఉంటుంది.

జవాబు రాకపోతే దావా వేయండి. హైదరాబాద్ వెళ్లాల్సిన పని లేదు. సెక్షన్ 62 ప్రకారం మీరు నివసించే చోట, అంటే నెల్లూరు మీద అధికారం ఉన్న జిల్లా స్థాయి కోర్టులో వేసుకోవచ్చు. దావా విలువ రూ.3 లక్షలు, ఆ పైన అయితే కమర్షియల్ వివాదం అవుతుంది. అలాంటి దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలన్న నియమం ఉంది. విడుదలను ఆపమని అత్యవసర ఉత్తర్వు నిజంగా అడుగుతుంటే అది అడ్డు రాదు. అదే పిటిషన్లో ఆపడం ఒక్కటే అడగవద్దు. ఆపడానికి కోర్టు ఇష్టపడకపోతే టైటిల్స్‌లో మీ పేరు వేయాలని, వసూళ్ల లెక్కలు కోర్టుకు ఇవ్వాలని, కొంత సొమ్ము డిపాజిట్ చేయాలని ప్రత్యామ్నాయంగా అడగండి. ఈలోగా నిర్మాత రాజీకి వస్తే పేరు, పారితోషికం, మూడో భాగం హక్కులు ఎవరివో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితాన్ని మాత్రం చదివి, కాపీ తీసుకున్నాకే సంతకం పెట్టండి.