స్కాట్లాండ్ కథానిక: గొంతు నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. ఆధునిక స్కాట్లాండ్ కథానిక మీద ఒక చిన్న పరిశోధన వ్యాసం రాయాలనుకుంటున్నాను. ఎవరితో మొదలుపెట్టాలి? నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చున్నా అర్థం కాని మాటలు ఎదురవుతున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందుగా ఇతివృత్తాల పట్టిక వేసుకోవద్దని నా మనవి. పేదరికం, తాగుడు, నిరుద్యోగం అంటూ కథలను గంపలకెత్తితే ఏ దేశపు కథైనా ఒకేలా కనబడుతుంది. కథ చెబుతున్న గొంతు ఏ భాషలో పలుకుతోంది, పాత్రల గొంతుకూ దానికీ ఎంత దూరం ఉంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ప్రామాణిక ఇంగ్లీషు, దానికి దగ్గరి చుట్టమైన స్థానిక భాష స్కాట్స్, కెల్టిక్ కుటుంబపు గేలిక్ మూడూ ఉన్న ఆ దేశంలో కథకుడు భాషను ఎంచుకోవడమంటే ఎవరి పక్షాన నిలబడ్డాడో చెప్పడమే.

1881లో రాబర్ట్ లూయిస్ స్టీవెన్‌సన్ రాసిన ‘థ్రాన్ జానెట్’లో ఈ దూరం స్పష్టంగా కనిపిస్తుంది. మొదట ఇంగ్లీషులో ఒక పల్లె పాదరీని పరిచయం చేసి, ఆ తర్వాత అసలు కథను ఊరి పెద్దల్లో ఒకరి నోట స్కాట్స్‌లో చెప్పిస్తాడు. 1934 నాటికి లూయిస్ గ్రాసిక్ గిబ్బన్ కథ ‘స్మెడమ్’లో కథకుడికీ పాత్రలకూ మధ్య ఉన్న ఆ గోడ చాలావరకు కూలిపోయింది, తొమ్మిది మంది పిల్లల తల్లి మెగ్ మెంజీస్ గురించి చెబుతున్నది ఆ ఊరే అనిపిస్తుంది. ‘స్మెడమ్’ అంటే మన ‘చేవ’. ఇంగ్లీషు కంటే తెలుగులోనే ఆ మాటకు సరైన జోడు దొరికిందని నాకెప్పుడూ సంతోషం.

మీ వ్యాసానికి గుండెకాయ మాత్రం 1946లో గ్లాస్గోలో పుట్టిన జేమ్స్ కెల్మన్. ఆయన 1983 నాటి సంపుటి ‘నాట్ నాట్ వైల్ ద జైరో’ను నెమ్మదిగా చదవండి. పేరులోని ‘జైరో’ నిరుద్యోగ భృతి చెక్కు అని తెలియకపోతే పేరు దగ్గరే దారి తప్పుతాం. పాత్రల మాటల చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టకపోవడం ఆయన పద్ధతి. పాత్రలు మాండలికంలో మాట్లాడుతుంటే కథకుడు పుస్తకాల భాషలో వాళ్ళను పరిచయం చేసే ఏర్పాటులో పాత్రను కిందికి దించే పెత్తనం ఉందని ఆయన గుర్తించాడు. చిత్తూరు పల్లె మాటలోనే కథంతా నడిపిన నామిని రచనలు మీరు చదివి ఉంటే, ఈ నిర్ణయం ఎంత బరువైనదో విడమరిచి చెప్పనక్కరలేదు.

కెల్మన్‌తో ఆగిపోతే అది మగవాళ్ళ గ్లాస్గోగానే మిగులుతుంది. కెల్మన్, అలస్డేర్ గ్రేలతో కలిసి 1985లో ‘లీన్ టేల్స్’ ప్రచురించిన ఆగ్నెస్ ఓవెన్స్‌ను తప్పక చదవండి. ఇళ్ళు శుభ్రం చేసే పనీ, ఫ్యాక్టరీ పనీ చేసిన ఆ రచయిత్రి, ఊళ్ళో జరిగిన రచనా తరగతిలో కవయిత్రి లిజ్ లాక్‌హెడ్ కంటపడింది. కరుణను ఎక్కడా ఒలకబోయని ఆమె పొడి వాక్యానికి దక్కవలసినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం. జానిస్ గాలోవే 1991 సంపుటి ‘బ్లడ్’లో, పన్ను పీకించుకుని బడికి తిరిగి వచ్చిన అమ్మాయి కథ కూడా ఇక్కడే చేరుతుంది. ఆర్క్నీ దీవుల జార్జ్ మెకే బ్రౌన్, గేలిక్‌లోనూ ఇంగ్లీషులోనూ రాసిన ఇయన్ క్రైటన్ స్మిత్ వేరే వ్యాసానికి తగినవారు. ఇప్పుడు వారిని కలిపితే మీ వ్యాసం పలచబడుతుంది.

ఇక మాటల సంగతి. మామూలు ఇంగ్లీషు నిఘంటువు ఇక్కడ చాలదు. స్కాట్స్ భాషా నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అయితే దాన్ని తెరిచేముందు వాక్యాన్ని పైకి చదవండి. కంటికి కొత్తగా తోచిన అక్షరక్రమంలో చాలా మాటలు చెవికి తెలిసినవే. ఆ తర్వాత ‘థ్రాన్ జానెట్’, ‘స్మెడమ్’, కెల్మన్ కథ ఒకటి తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక పేరా ఎంచుకుని, కథకుడి మాటల కింద ఒక రంగుతో, పాత్రల మాటల కింద మరో రంగుతో గీతలు గీయండి. కెల్మన్ దగ్గర ఏ రంగు వాడాలో తేలక మీ చేయి ఎక్కడ ఆగుతుందో, మీ వ్యాసం మొదటి వాక్యం అక్కడి నుంచి రాయండి.