ఎలుక పిరికితనం పేగులో ఉందా?

ప్రశ్న: ఒక ఎలుక పేగు బ్యాక్టీరియాను ఇంకో ఎలుకకు ఎక్కిస్తే స్వభావం మారుతుందని చదివాను. ఆ ప్రయోగం ఎలా చేస్తారు? మార్పు బ్యాక్టీరియా వల్లేనని ఎలా తేలుస్తారు?

జవాబు: కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2011లో చేసిన ప్రయోగమే చూడండి. బాల్బ్-సి జాతి చుంచెలుకలు పిరికివి, ఎన్ఐహెచ్ స్విస్ జాతివి చొరవగలవి. పుట్టుక నుంచి ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలను తీసుకుని, ఒక జాతి బ్యాక్టీరియాను మరో జాతికి ఎక్కించారు. ఎలుకను ఎత్తయిన దిమ్మె మీద పెట్టి, ఎంతసేపటికి దిగుతుందో లెక్కపెట్టారు. పిరికివాటి బ్యాక్టీరియా అందిన స్విస్ ఎలుకలు దిగడానికి జంకాయి. స్విస్ బ్యాక్టీరియా అందిన బాల్బ్-సి ఎలుకల్లో చొరవ పెరిగింది.

సాధారణంగా 100 మిల్లీగ్రాముల తాజా మలాన్ని 1 మిల్లీలీటరు ఉప్పుద్రావణంలో కలిపి, ముతక ముక్కలు అడుక్కి దిగాక పైతేటను సుమారు 0.2 మిల్లీలీటర్లు గొట్టపు సూదితో నేరుగా కడుపులోకి పంపుతారు. కలపడమంతా ఆక్సిజన్ లేని పెట్టెలో జరగాలి. పేగు బ్యాక్టీరియాలో చాలావాటికి గాలి పడదు. బల్ల మీద తీరిగ్గా కలిపితే ఎక్కించేది చాలావరకు చచ్చిన సరుకే.

సూక్ష్మజీవులు లేని ఎలుకలు దొరకనిచోట యాంటీబయాటిక్స్‌తో పేగు ఖాళీ చేస్తారు. వాటిలో ఒకటైన మెట్రోనిడజోల్ చేదు. తాగేనీటిలో కలిపితే ఎలుకలు నీళ్లు మానేసి బరువు తగ్గుతాయి. దాహంతో డీలాపడ్డ ఎలుకను చూసి దిగులుపడిందని రాసుకుంటే లెక్క తప్పినట్టే. అందుకే రోజూ తూచాలి, అవసరమైతే మందును గొట్టంతో ఇవ్వాలి. అవే మందులు సూక్ష్మజీవులు లేని ఎలుకలకూ ఇచ్చి చూడాలి. మెక్‌మాస్టర్‌లో మామూలు ఎలుకల ప్రవర్తన మందులతో మారింది, వీటిలో మారలేదు. అంటే మందు మెదడు మీద నేరుగా పనిచేయలేదన్నమాట.

అన్నిటికన్నా ఎక్కువగా కొంప ముంచేది పంజరం. ఎలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి, కొద్దిరోజుల్లోనే ఒకే పంజరంలోని వాటికి బ్యాక్టీరియా దాదాపు ఒకటైపోతుంది. మందిచ్చినవి 5 ఒక పంజరంలో, ఇవ్వనివి 5 ఇంకోదాంట్లో ఉంటే మీ చేతిలో ఉన్నవి 10 ఫలితాలు కావు, రెండే. ఒక్కో గుంపును అనేక పంజరాల్లో సర్ది, పంజరాన్నే ఒక లెక్కగా తీసుకోవాలి. నా దృష్టిలో ఇది పాటించని పరిశోధనను పక్కన పెట్టేయొచ్చు.

ప్రశ్న: పేగు కబురు మెదడుకు చేరేది సెరటోనిన్ (మనఃస్థితితో ముడిపడ్డ రసాయనం) ద్వారానా?

జవాబు: నేరుగా కాదు. పేగులో తయారైన సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. ఒక దారి పేగును మెదడుతో కలిపే వేగస్ నాడి. 2011లోనే ఐర్లండ్‌లోని కార్క్‌లో లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జెబి-1 అనే బ్యాక్టీరియాను తిన్న ఎలుకల్లో ఆందోళన తగ్గింది, ఆ నాడిని కోస్తే ఫలితం పోయింది. మెక్‌మాస్టర్ యాంటీబయాటిక్ ప్రయోగంలో మాత్రం నాడిని కోసినా ప్రభావం నిలిచింది, కాబట్టి దారి ఒక్కటే కాదు. ఇదే జెబి-1ను ఆరోగ్యవంతులైన పురుషులకు ఇచ్చి చూస్తే (2017) ఉత్తుత్తి మాత్రను మించి ఏమీ చేయలేదు.