పాఠకుల ప్రశ్నలు: అగాథా క్రిస్టీ ఇల్లూ, నవలలూ

ప్రశ్న: రాజమండ్రిలో పాత పుస్తకాల వాడి దగ్గర క్రిస్టీ నవలలు ఓ కట్ట దొరికాయండీ. ఏ వరసలో చదవమంటారు?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: క్రిస్టీవి హంతకుణ్ణి పట్టుకునే ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలు కదా, చాలావాటికి వరస అక్కర్లేదు. రెండింటి దగ్గర మాత్రం జాగ్రత్త. ‘కార్డ్స్ ఆన్ ది టేబుల్’ (1936)లో ఆవిడ డిటెక్టివ్ పొయిరో మాటల మధ్య ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ (1934) గుట్టు కాస్తా విప్పేస్తాడు. ‘డంబ్ విట్‌నెస్’ (1937) మరీ అన్యాయం. నాలుగు పాత నవలల హంతకుల పేర్లు అందులో ఒక్కచోటే దొర్లుతాయి. కాబట్టి ‘ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్’, ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’, ‘ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రెయిన్’, ‘డెత్ ఇన్ ది క్లౌడ్స్’ నాలుగూ అయ్యాకే దాని జోలికి వెళ్ళండి. పొయిరో ఆఖరి కేసు ‘కర్టెన్’ (1975) చివరికి ఉంచుకోండి.

ఇంకో చిక్కుంది. అమెరికా ముద్రణలకి పేర్లు మార్చేవారు. ‘లార్డ్ ఎడ్జ్‌వేర్ డైస్’, ‘థర్టీన్ ఎట్ డిన్నర్’ ఒకటే నవల. ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’, ‘మర్డర్ ఇన్ రెట్రాస్పెక్ట్’ కూడా అంతే. అట్ట చూసి డబ్బివ్వకండి. లోపలి పేజీలో కాపీరైట్ సంవత్సరం చూసి, మొదటి పేరాలో మనుషుల పేర్లు ఓసారి పోల్చుకోండి.

ప్రశ్న: 1926లో ఆవిడ కనపడకుండా పోవడం పుస్తకం అమ్ముకోడానికి ఆడిన నాటకమేనా?
– ఓ పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఆ ఏడు ఆవిడ ఇంట్లో జరిగింది చూస్తే అలా అనబుద్ధి కాదు. ఏప్రిల్లో తల్లి క్లారా పోయింది. ఆ దుఃఖం తీరకముందే భర్త ఆర్చీ, నాన్సీ నీల్ అనే ఆమెను చేసుకుంటానని విడాకులు అడిగాడు. డిసెంబర్ 3 రాత్రి క్రిస్టీ కారు తీసుకుని వెళ్ళిపోయింది. కారు సర్రేలో న్యూలాండ్స్ కార్నర్ దగ్గర దొరికింది, మనిషి లేదు. పదకొండు రోజులకి, 14న, హారొగేట్‌లో ఒక హోటల్లో కనిపించింది. అక్కడి రిజిస్టర్లో రాసుకున్న ఇంటిపేరు నీల్. సాక్షాత్తూ సవతి ఇంటిపేరు! జ్ఞాపకం పోయిందని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఆత్మకథలో ఆవిడ ఆ రోజుల ఊసే ఎత్తలేదు. విడాకులు 1928లో అయ్యాయి.

ప్రశ్న: రెండో పెళ్ళి, పిల్లల సంగతి చెప్పండి.
– ఓ పాఠకురాలు, రాజోలు

జవాబు: ఇరాక్‌లోని ఊర్ అనే పురాతన నగరం తవ్వకాల దగ్గర పరిచయమైన మాక్స్ మాలోవన్‌ని 1930 సెప్టెంబర్ 11న ఎడిన్‌బరోలో పెళ్ళాడింది. ఆయన పురావస్తు శాస్త్రవేత్త, ఆవిడ కన్నా పధ్నాలుగేళ్ళు చిన్న. 1976లో ఆవిడ పోయేదాకా ఆ కాపురం నిలిచింది. నిమ్రూద్‌లో (అదీ ఇరాక్‌లోని పురాతన నగరమే) దొరికిన దంతపు చెక్కడాలను ఆవిడే దగ్గర కూర్చుని శుభ్రం చేసేది. ఆయుధాలు అల్లిక సూది, ముఖానికి రాసుకునే క్రీము. సందుల్లో గట్టిపడ్డ మట్టి క్రీముతో మెత్తబడి వచ్చేస్తుంది, పెళుసెక్కిన దంతం విరగదు. ‘మర్డర్ ఇన్ మెసొపొటేమియా’ (1936) ఊర్ తవ్వకాల అనుభవంలోంచి వచ్చిందే.

మొదటి భర్తతో పుట్టిన రోజాలిండ్ (1919) ఒక్కతే కూతురు. ఆమె కొడుకు మాథ్యూకి తొమ్మిదో పుట్టినరోజు కానుకగా ‘ది మౌస్‌ట్రాప్’ నాటకం హక్కులు రాసిచ్చేసింది. మనవైపు మనవడి పేర అరెకరం కొబ్బరితోట రాసినట్టు అనుకోండి. కాకపోతే ఈ తోట 1952 నుంచి, కోవిడ్ కాలం తప్ప, లండన్‌లో కాస్తూనే ఉంది.

ప్రశ్న: మాది కోటిపల్లి. రేవులో కూర్చుని చదువుకోడానికి ఏటి ఒడ్డు కథ ఏదన్నా ఉందా?

జవాబు: ‘డెడ్ మాన్స్ ఫాలీ’ (1956). ఇంగ్లండులో డార్ట్ నది ఒడ్డున 1938లో కొన్న తన గ్రీన్‌వే ఇంటినే ఆవిడ పేరు మార్చి ఇందులో పెట్టింది. శవం దొరికేది పడవల పాకలో.

ప్రశ్న: విషాల గురించి అంత కచ్చితంగా ఎలా రాసింది?
– మెడికల్ షాపు యజమాని, రావులపాలెం

జవాబు: మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులోని టోర్కీ అనే ఊరి ఆసుపత్రిలో ముందు నర్సు, తర్వాత మందులు కలిపే పని. 1917లో ఆ పరీక్షా ప్యాసైంది. మన భాషలో కాంపౌండరు. మొదటి నవల ఆ మందుల గదిలోనే మొలకెత్తింది.

గుట్టు విప్పొద్దని పైన చెప్పి ఇక్కడ మేమే విప్పుతున్నాం, మన్నించండి. ‘ది పేల్ హార్స్’ (1961)లో విషం థాలియం అనే లోహం, గుర్తు జుట్టు ఊడిపోవడం. 1977లో ఖతర్ నుంచి లండన్ ఆసుపత్రికి తెచ్చిన పసిబిడ్డ జబ్బు డాక్టర్లకి అంతుపట్టలేదు. ఆ నవల చదువుతున్న నర్సు, బిడ్డ జుట్టు చూసి థాలియమేమో అంది. పరీక్షలో అదే తేలింది. ఇంట్లో బొద్దింకలకీ ఎలుకలకీ వాడిన మందులోంచి వచ్చిందట. బిడ్డ కోలుకుంది.